మెల్లగా దించు

కదలకుండా కూర్చోమంది నర్సు. కూర్చోవడమంటే ఊరికే కూర్చోవడం కాదట. పాదాలు నేలకి ఆనాలి, వీపు కుర్చీకి ఆనాలి, చేతులు ఒళ్ళో ఉండాలి, ఫోను చూడకూడదు, గట్టిగా మాట్లాడకూడదు, నడవకూడదు, ముఖ్యంగా నడవకూడదు. "గంట తర్వాత మళ్ళీ చూస్తాను. అప్పుడూ బీపీ ఇంతే ఉంటే ఉన్నదున్నట్టు రాసి కంపెనీకి పంపేస్తాను. ఇక నా చేతుల్లో ఏం లేదు" అని, చేతికి చుట్టిన పట్టీని బర్రుమని ఊడదీసి, ఆవిడ లోపలికెళ్ళి తలుపేసుకుంది. గంట! గంటంటే ఎంత? నడిచేవాడికైతే కబుర్లు చెప్పుకుంటూ పార్కు చుట్టి వచ్చేంత. కూర్చునేవాడికి ఒక జన్మంత. కొంగ గోడ గడియారం వంక చూశాడు. అది మాత్రం హాయిగా తిరుగుతోంది, దాన్నెవరూ కదలొద్దనలేదు కదా.

కొంగ అనేది అతని పేరు కాదు. పెద్ద పెద్ద భవనాలు కట్టేచోట, మబ్బులకి దగ్గరగా ఉండే క్రేన్ గదిలో కూర్చుని, మెడ చాచి కిందికి చూస్తూ, ఇనుప కడ్డీల కట్టలు పైకెత్తి దించే పని అతనిది. ఆ మెడ చూసి తోటివాళ్ళు పెట్టిన పేరది. కోపం వస్తే భార్య కూడా అలాగే పిలుస్తుంది. పనిచేసే కంపెనీ సగం లేచిన గోడల్ని అలాగే వదిలేసి, ఒక పొద్దున గేటుకి తాళం వేసి మాయమైంది. అప్పట్నుంచీ ఖాళీ. ఇన్నాళ్ళకి, ఎక్కడో కొత్త ఆసుపత్రి కడుతున్నారు, క్రేన్ నడిపేవాడు కావాలన్నారు, ఒక్కడే కావాలన్నారు. ఇంటర్వ్యూ అయింది, క్రేన్ ఎక్కించి బరువు ఎత్తించారు, చెయ్యి బాగుందన్నారు. ఇక ఈ ఆరోగ్య పరీక్ష ఒక్కటే మిగిలింది. అంత ఎత్తున కూర్చునేవాడికి కళ్ళు తిరిగితే కిందవాళ్ళ నెత్తిన పడేది ఇనుము, అందుకే ఈ ఒక్కదాంట్లో మొహమాటాల్లేవు. తీరా ఇక్కడికొస్తే, మిషను చూపించిన అంకె చూసి నర్సు కనుబొమలు నుదుటి మీదికి పోయాయి.

తప్పెవరిదయ్యా అంటే, ఇంకెవరిది, తనదే. బుద్ధున్నవాడైతే బస్సెక్కి వచ్చి, లిఫ్టెక్కి ఐదో అంతస్తుకి చేరి, చల్లగా కూర్చుని చెయ్యి చాచేవాడు. తనేం చేశాడు? ఇంటి దగ్గర్నుంచి నడిచొచ్చాడు. నడిచొచ్చినవాడు నేరుగా పైకి రాకుండా, కంగారు తగ్గుతుందని ఈ భవనం చుట్టూ ఇంకో రెండు చుట్లు కొట్టాడు. కంగారు తగ్గాలంటే నడవాలి, కోపం తగ్గాలంటే నడవాలి, నిద్ర పట్టాలంటే నడవాలి, ఈ మధ్య అతనికి తెలిసిన మందు అదొక్కటే. ఆ తర్వాత లిఫ్టు ముందు నిలబడి, తలుపు తెరుచుకుని లోపలున్నావిడ రమ్మన్నట్టు చూసినా కూడా, అబ్బే, మెట్లెక్కాడు. ఉద్యోగం వచ్చేదాకా లిఫ్టెక్కనని ఎప్పుడో సరదాకి ఒట్టు పెట్టుకున్నాడు. సరదాకి పెట్టుకున్న ఒట్టే రోజులు గడిచేకొద్దీ బిగుసుకుపోయింది. ఇవాళ, ఈ ఒక్కరోజు, ఉద్యోగం గుమ్మంలో నిలబడ్డ రోజు లిఫ్టెక్కితే అది కాస్తా అలిగి వెళ్ళిపోతుందేమోనని భయం వేసింది. ఐదంతస్తులు, అదీ ఆగకుండా, ఆయాసం కూడా రాలేదన్న గర్వంతో ఎక్కి, నేరుగా వెళ్ళి నర్సు చేతిలో చెయ్యి పెట్టాడు. గుండె లోపల డప్పు వాయిస్తుంటే మిషను దాని పని అది చేసింది. ఇన్నాళ్ళూ ఒళ్ళు బాగుపడాలని ఏ చెమట కక్కాడో, ఆ చెమటే ఇవాళ కొంప ముంచింది. ఎవరికైనా చెప్తే నవ్విపోతారు. మామయ్యకి చెప్తే నవ్వుతాడు, ఆయన నవ్వు ఇప్పుడు మూతికి ఒకపక్కే వస్తుంది, అయినా నవ్వుతాడు.

పక్క కుర్చీలో నీలం చొక్కా అతను కాలు ఊపుతున్నాడు. తనకంటే చిన్నవాడు, అతనూ క్రేన్ మనిషే, అదే కంపెనీ, అదే ఒక్క ఉద్యోగం. అతని బీపీ బాగానే ఉంది. వరసలో మాత్రం కొంగ తర్వాత. కొంగ కాగితం బాగుంటే అతను ఇంటికి, బాగోకపోతే అతను క్రేన్ మీదికి. అందుకే తేలేదాకా కూర్చోమన్నారు. అతన్ని ఎవరూ కదలొద్దనలేదు, కనక మోకాలు టకటకటక ఆడిస్తున్నాడు. ఆ కాలు ఊపు నేల మీదుగా వచ్చి కొంగ కుర్చీలోకి, కుర్చీలోంచి వెన్నులోకి ఎక్కుతోంది. ఆపవయ్యా బాబూ అందామని నోటిదాకా వచ్చింది. అంటే గొడవ, గొడవైతే రక్తం మరుగుతుంది, మరిగితే వాడికే లాభం. కావాలనే ఊపుతున్నాడా? ఛ, పాపం, అలాంటివాడిలా లేడు. "టెన్షన్ పడకండన్నా, అదే తగ్గిపోద్ది" అన్నాడు నీలం చొక్కా. టెన్షన్ పడకండన్న మాట చెవిన పడగానే అరికాళ్ళ దగ్గర్నుంచి టెన్షన్ పుట్టుకొచ్చింది.

కూర్చోవడం తనకి కొత్తా? పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా పైన గదిలో కూర్చున్నవాడే. గాలికి గది అటూ ఇటూ ఊగుతున్నా చలనం లేకుండా కూర్చున్నవాడే. కానీ అది వేరు. అక్కడ చేతుల్లో మీటలుంటాయి, కళ్ళు కిందున్న సిగ్నల్‌ మనిషి చేతుల మీద ఉంటాయి, మనసు ఎక్కడికీ పోదు. పోతే చంపేస్తుంది. ఖాళీగా కూర్చోవడం అనేది మాత్రం కంపెనీ మూతపడ్డాకే నేర్చుకున్నాడు. ఇంట్లో కిటికీ పక్కన నవారు కుర్చీ, ఎదురుగా ఫోను. మోగితే ఎత్తాలని. మోగదు. తనే చేస్తే, చూసి చెప్తాం అంటారు, ఏం చూస్తారో ఏమో, చెప్పరు. ఆ కుర్చీ నవారు రోజురోజుకీ కుంగి, మనిషి అందులో కూరుకుపోయి, పొట్ట మాత్రం పైకి లేచింది. పగలంతా కునుకు, రాత్రంతా దొర్లుడు. ఫ్యాను చప్పుడు చేస్తే ఫ్యాను మీద అరుపు, కూరలో ఉప్పు తగ్గితే కూర మీద అరుపు. మీ ఆయన ఇంట్లోనే ఉంటున్నాడే అని ఎదురింటావిడ అడిగిందట, ఆ రోజు నుంచి పాలు తేవడానికి కూడా గుమ్మం దాటలేదు. ఉద్యోగం పోతే ఉద్యోగమే పోతుందనుకున్నాడు. ఆకలి పోతుందని, నవ్వు పోతుందని, సొంత పెళ్ళాం మొహం సూటిగా చూడ్డం పోతుందని ఎవరూ చెప్పలేదు.

అదే రోజుల్లో మామయ్యకి పక్షవాతం వచ్చింది. భార్య తండ్రి. కూరగాయల మార్కెట్లో వేలంపాట పాడే మనిషి. టమాటా బుట్టల మధ్య నిలబడి ఆయన ఒకటోసారీ అన్నాడంటే మార్కెట్టు అవతల నిద్రపోయేవాళ్ళు లేచి కూర్చునేవాళ్ళు. పెళ్ళిలో ఈ పొడుగు మెడ అల్లుణ్ణి కూడా వేలం వేశాడు, నా కూతురే పాడుకుంది, మూడోసారి కూడా అయిపోయింది, ఇక వెనక్కి తీసుకునేది లేదు అని అందరి ముందూ నవ్వించాడు. అలాంటి గొంతు ఒక్క రాత్రిలో పోయింది. కుడిచెయ్యి వేలాడిపోయింది, కుడికాలు ఈడ్చుకునేదాకా వచ్చింది, మాటల సంచీ మొత్తం ఖాళీ అయి అడుగున ఒకే ఒక్క మాట మిగిలింది, పద. అన్నం కావాలన్నా పద, టీవీ కట్టెయ్యమన్నా పద. కూతురు తన ఇంటికి తెచ్చుకుంది. పొద్దున్నే బట్టల షాపులో బిల్లింగు పనికి ఆవిడ వెళ్ళిపోతే, ఇంట్లో ఇద్దరు మగవాళ్ళు, ఇద్దరూ ఎందుకూ కొరగానివాళ్ళమనే అనుకుంటూ, ఒకళ్ళనొకళ్ళు గుడ్లప్పగించి చూసుకుంటూ కూర్చునేవాళ్ళు. "నాన్నని రోజూ నడిపించాలట. నువ్వెలాగూ ఖాళీయేగా" అంది ఆవిడ ఒక పొద్దున చెప్పులేసుకుంటూ. ఆ ఖాళీయేగా అన్న మాటకి ఒళ్ళు మండిపోయింది. మండినా ఏమంటాడు, నిజమే కదా.

ఎంతైంది? గడియారం వంక చూడకూడదనుకుని చూశాడు. పెద్ద ముల్లు ఏదో కాస్త కదిలింది. పావుగంట కూడా కాలేదంటే ఎవరైనా నమ్ముతారా? బొటనవేళ్ళు బూట్ల లోపల వాటంతటవే నడక మొదలెట్టాయి. ఎడమ, కుడి, ఎడమ, కుడి. వేళ్ళు కదిపితే కదిలినట్టా? నర్సుని అడుగుదామా? ఊపిరి లోపలికి, ఊపిరి బయటికి, ఇలా చేస్తే తగ్గుతుందని ఎవరో అన్నారు. లోపలికి పీల్చాడు. ఆసుపత్రి వాసన. మామయ్యని మొదటిసారి చూసినప్పటి వాసన. వద్దు, బయటికి. ఇంకేదైనా ఆలోచించాలి, చల్లనిది, నిమ్మళమైనది. చెట్లు. పార్కు. పార్కులో మొదటి రోజు, అబ్బో, మొదటి రోజు గేటు దగ్గర్నుంచి మొదటి బెంచీ దాకా చేరేసరికి ఎండ నెత్తికెక్కింది. మామయ్య ఎడమచెయ్యి కొంగ భుజం మీద, ఆ బరువంతా కొంగ మీద, అడుగు తీసి అడుగు వెయ్యడానికి ఒక యుగం. బెంచీ చేరాక ఆయాసపడింది మాత్రం మామయ్య కాదు, అల్లుడు. పొట్ట పట్టుకుని రొప్పుతుంటే మామయ్య వింతగా చూసి, మూతి ఒకపక్కకి తిప్పి నవ్వాడు. జబ్బు పడ్డాక అదే మొదటి నవ్వు. ఆ రాత్రి కొంగ పడుకోవడం గుర్తుంది, తెల్లారి లేవడం గుర్తుంది, మధ్యలో దొర్లిన గుర్తు లేదు. ఇదేమిటబ్బా అనుకున్నాడు. మర్నాడు పొద్దున మామయ్యకంటే ముందు తనే చెప్పులేసుకున్నాడు.

అదిగో, ఆ చెప్పులేసుకోవడమే. పొద్దున్నే ఒక పని ఉండటం. ఉద్యోగం లేనివాడికి అన్నిటికంటే పెద్ద రోగం పొద్దున్నే లేవడానికి కారణం లేకపోవడం. ఎదురింటావిడ అడిగితే మామయ్యని నడిపిస్తున్నానండీ అని తలెత్తి చెప్పొచ్చు. నడుస్తూ ఉంటే చూసి చెప్తాం అన్నవాళ్ళ మీద కోపం కూడా అడుగులకింద నలిగి పొడైపోతుంది. ఇంటర్వ్యూలో నోరు పెగలక నీళ్ళు నమిలిన ప్రశ్నలకి నడుస్తూ నడుస్తూ జవాబులు దొరికేవి, మామయ్యకే అప్పజెప్పేవాడు, ఆయన వేలంపాటలో బేరం తెగని ముఖం పెట్టి వినేవాడు. బెల్టుకి మేకుతో ఇంకో కన్నం పొడవాల్సి వచ్చింది. ఒకరోజు స్నానాల గదిలో తను ఈల వేస్తుంటే భార్య తలుపు బయట నిలబడి వింది. ఆ రోజు కూరలో ఉప్పు కూడా సరిగ్గా ఉంది, లేక అంతకుముందు కూడా సరిగ్గానే ఉండేదేమో, ఎవరికి తెలుసు?

మామయ్య కింద ఉన్నాడు. ఈ ఆలోచన ఇంతసేపూ మనసులో ఎక్కడో మూల నక్కి కూర్చుని ఇప్పుడు గభాల్న లేచింది. మామయ్య కింద బెంచీ మీద ఉన్నాడు, పది నిమిషాల్లో వచ్చేస్తానని చెప్పొచ్చాడు తను. ఇవాళ కూడా కలిసే నడిచొచ్చారు, నేనూ వస్తానని పట్టుబట్టాడు, పద పద పద అని గుమ్మంలోనే. ఇంటి దగ్గర మెట్లంటే ఆగి ఆగి ఎక్కుతాడు, ఇక్కడి ఐదంతస్తులు ఆయన వల్ల కాదు, లిఫ్టులో తీసుకెళ్దామంటే తన ఒట్టు అడ్డం. గేటు పక్కన చెట్టు కింద బెంచీ చూపించి, రెండు చేతులూ పొట్ట మీద కలిపి పట్టుకున్నట్టు చేసి చూపించాడు కొంగ. అంటే, ఎక్కడివక్కడ ఆపి ఉంచు, కదలకు అని. అది క్రేన్ సైగ. ఆయనా తల ఊపి కూర్చున్నాడు. అప్పుడక్కడ నీడుంది. ఇప్పుడుందా? ఎండ తిరిగి ఉంటుంది. దాహమేస్తే ఎవర్ని అడుగుతాడు, ఏమని అడుగుతాడు? పద అంటే నీళ్ళని ఎవరికి తెలుస్తుంది? ఫోను చేద్దామా అంటే ఆయన ఫోనులో మాట్లాడేదేముంది? ఈ నర్సేమో కదిలితే ఊరుకునేలా లేదు. గుండె మళ్ళీ డప్పందుకుంది. దిగాల్సింది ఎక్కుతోంది, తెలుస్తూనే ఉంది, మెడ నరాల్లో తెలుస్తోంది.

ఆ సైగలు మొదలైంది కూడా పార్కులోనే. ఒకరోజు నడుస్తూ నడుస్తూ మామయ్య ఆగాలనుకున్నాడు, ఆగమనే మాట లేదు, పద అంటున్నాడు, పద అంటే తను ఇంకా వేగంగా లాక్కెళ్తున్నాడు. చివరికి ఆయన నడిదారిలో కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మార్కెట్టంతా దద్దరిల్లే గొంతున్న మనిషి చప్పుడు లేకుండా ఏడుస్తుంటే చూడ్డం ఎవరి వల్ల అవుతుంది? కొంగ పక్కనే చతికిలబడ్డాడు. చెయ్యి చాచి, అరచెయ్యి కిందికి పెట్టి, అటూ ఇటూ ఊపాడు. "దీనర్థం ఆపు. పైనున్నప్పుడు నాకెవరి మాటా వినపడదు మామయ్యా. మేనేజరు గొంతు చించుకున్నా వినపడదు. కింద ఒకే ఒక్క మనిషి ఉంటాడు, వాడి చేతులు ఏం చెప్తే అదే చేస్తాను." మామయ్య ఏడుపాపి చూశాడు. ఎడమచెయ్యి చాచి ఊపాడు. ఆపు. అంతే, మర్నాటి నుంచి అదొక ఆట. వేలు పైకెత్తి సున్నా చుడితే ఎత్తు, కిందికి చూపించి సున్నా చుడితే దించు. ఆకలేస్తే ఒక సైగ, ఇంటికంటే ఇంకోటి, ఇద్దరూ కల్పించుకున్నవి కొన్ని. ఒక్కటి మాత్రం మామయ్యకి రాలేదు. మెల్లగా అనే సైగ. దానికి రెండు చేతులూ కావాలి. ఒకచెయ్యి సున్నా చుడుతుంటే రెండోచెయ్యి దానిపైన కదలకుండా చాపి పట్టుకోవాలి. ఆ రెండోచెయ్యే కదా లేవనిది. మెల్లగా దించు అనాలంటే ఆయన దించు అని మాత్రమే అనగలడు, మిగిలింది కళ్ళతో చెప్పేవాడు. మామయ్య అన్నీ సగం సైగలే చేస్తాడని ఇంట్లో ఆటపట్టించేవాళ్ళు.

ఆ చెయ్యి కోసం ఎంత పాటుపడ్డారని! పార్కు గోడకి ఆనించి, వేళ్ళని గోడ మీద పురుగు పాకినట్టు పైకి పాకించాలి, అదీ డాక్టరు చెప్పిన కసరత్తు. గోడ మీద చిరిగిన పోస్టరొకటి, కోర్సు చేస్తే ఉద్యోగం ఖాయం అని, పైన టై కట్టుకున్న కుర్రాడు నవ్వుతూ, కింద ఫోన్ నంబరు. మామయ్య వేళ్ళు ఎంత పాకినా ఆ నంబరు దాకే వెళ్ళి జారిపోయేవి. ఆ కుర్రాడి టై పట్టుకోండి మామయ్యా, మీ చెయ్యి వాడి టై దాకా వెళ్ళిన రోజు నాకు ఉద్యోగం వస్తుంది అనేవాడు కొంగ. ఆయన పళ్ళు బిగబట్టి పాకించేవాడు, వేళ్ళు వణికేవి, జారేవి. కొంగ పక్కన నిలబడి గుంజీలు తీసేవాడు. ఆయన ఆపేదాకా తనూ ఆపకూడదని పందెం. ఆ పందెంలో ఎప్పుడూ ఓడింది తనే.

ఈ ఉద్యోగం కబురు వచ్చింది కూడా ఆ నడకలోనే కదా. కుర్చీలో కూర్చుని ఉంటే వచ్చేదా? పార్కులో ఒక పెద్దాయన వెనక్కి నడుస్తాడు, మోకాళ్ళకి మంచిదని. అందరూ రివర్స్ మాస్టారు అంటారు. ముందు నడిచేవాళ్ళకి ఎదురుగా మొహం పెట్టి, వెనక్కి వెనక్కి పోతూ, చెట్లకి గుద్దుకుంటూ, సారీ చెప్పుకుంటూ మాట్లాడతాడు. వద్దన్నా మొహం మొహం చూసుకోవాలి, జవాబు చెప్పక తప్పదు. ఏం చేస్తుంటావని అడిగితే కొంగ ఖాళీ అన్నాడు. "ఖాళీ ఏం పనయ్యా, నీ పనేంటని అడిగా" అన్నాడాయన, అంటూనే పూలకుండీ మీద పడబోయాడు. క్రేన్ అని చెప్పగానే ఆగిపోయి, మా మేనల్లుడు ఆసుపత్రి కట్టేచోట ఉన్నాడు, రేపు కలువు అన్నాడు. అంతే. ఎన్ని ఫోన్లు చేసినా తెరుచుకోని తలుపు, వెనక్కి నడిచే మనిషి వీపు తగిలి తెరుచుకుంది.

తెరుచుకుంది సరే. మొదటి షిఫ్టు అన్నారు. తెల్లారకముందే వెళ్ళాలి. మరి మామయ్యని పొద్దున్నే ఎవరు నడిపిస్తారు? దీని గురించి భార్యతో మాట్లాడలేదు, మామయ్యతో అసలే లేదు. ఉద్యోగం వచ్చిందని అందరూ సంతోషపడే వేళ, ఆ కిటికీ పక్క నవారు కుర్చీలో ఇప్పుడు మామయ్య కూరుకుపోతాడా? తను లేచిన గుంటలోకి ఆయన్ని తోసి వెళ్ళిపోవడమా? రాత్రి కూడా ఇదే ఆలోచన. ఈ ఉద్యోగం కావాలి, ప్రాణం పెట్టి కావాలి. కానీ వస్తే ఏమవుతుందోనని లోపలెక్కడో ఒక పిరికి మూల వణుకుతోంది. మెట్లెక్కిన దడ ఒక్కటే కాదు, ఆ వణుకు కూడా ఎక్కింది మిషనులోకి. ఒప్పుకోవాలి.

"తమ్ముడూ" అన్నాడు చివరికి, ఇక ఆగలేక. "ఆ కిటికీలోంచి కాస్త కిందికి చూసి పెడతావా? గేటు పక్క బెంచీ మీద మా మామగారుండాలి. తెల్లచొక్కా."

నీలం చొక్కా కాలు ఊపడం ఆపి, లేచి, కిటికీ దగ్గరికెళ్ళి వంగి చూశాడు. "బెంచీ ఖాళీగా ఉందన్నా."

నర్సూ గుర్తు లేదు, గడియారమూ గుర్తు లేదు, కొంగ ఒక్క అంగలో కిటికీ దగ్గరున్నాడు. బెంచీ ఖాళీ. నిజంగానే ఎండ తిరిగింది, బెంచీ మీద నీడ లేదు, మనిషి లేడు. రోడ్డు మీద బస్సు, బస్సు వెనక ఇంకో బస్సు. ఎక్కడ పడిపోయాడో, ఎవరైనా ఎత్తి ఎటైనా తీసుకెళ్ళారో, పేరడిగితే పద అంటాడు, ఊరడిగితే పద అంటాడు. తనని తను తిట్టుకున్నాడు. నీ ఉద్యోగం మండా, వేలాడే చేతి మనిషిని ఎండలో వదిలేసి వచ్చావు కదరా. కిందికి పరిగెత్తాలి, ఉద్యోగం పోతే పోనీ. కాళ్ళు అప్పటికే మెట్ల వైపు తిరిగాయి, మెడ మాత్రం అలవాటు కొద్దీ ఇంకోసారి కిందికి చాచింది. పైనుంచి చూసి మనుషుల్ని పోల్చడం తెలిసిన కళ్ళు కదా. గోడ నీడలో, భవనం గోడ వెంబడి, ఒక తెల్లచొక్కా కదులుతోంది.

నడుస్తున్నాడు. మామయ్య నడుస్తున్నాడు. గోడ ఈ చివర్నుంచి ఆ చివరికి, ఆ చివర తిరిగి మళ్ళీ ఈ చివరికి, కుడికాలు కాస్త ఈడ్చుతూ, ఎవరి భుజం మీదా చెయ్యి లేకుండా, ఒక్కడే. నీడ ఎటు తిరిగితే అటు. ఎంతసేపట్నుంచి నడుస్తున్నాడో! పట్టుకునేవాళ్ళు లేరు, పడతాననే భయం లేదు. ఇంట్లో గుమ్మం దాటాలంటే ముందు అల్లుడి భుజం కోసం వెతికే చెయ్యి అది. కొంగ కిటికీ అద్దం మీద అరచేత్తో కొట్టాడు. వినపడదని తెలుసు. కానీ గుంపులో ఎవరు వేలెత్తినా పట్టేసే వేలంపాట కళ్ళు ఎక్కడికి పోతాయి? మామయ్య ఆగాడు. తలెత్తాడు. ఒక్కో అంతస్తూ దాటుకుంటూ వచ్చి ఐదో అంతస్తు కిటికీలో పొడుగు మెడని పట్టుకున్నాడు.

ఏమైందన్నట్టు గడ్డం ఎగరేశాడు. కొంగ ఏం చెప్తాడు? జబ్బ చుట్టూ వేళ్ళు బిగించి పట్టీలా చూపించాడు, వేలు పైకెత్తి సున్నా చుట్టాడు. ఎక్కింది మామయ్యా, పైకెక్కి కూర్చుంది, దిగట్లేదు. మామయ్య ఎడమచెయ్యి కిందికి చాచి, చూపుడువేలు నేలకి పెట్టి, సున్నా చుట్టడం మొదలెట్టాడు. దించు. సగం సైగే అనుకున్నాడు కొంగ. అప్పుడు కుడిచెయ్యి కదిలింది. తొడ పక్కన చచ్చుబడినట్టుండే చెయ్యి, పోస్టరు మీద జారి జారి పడిన చెయ్యి, వణుకుతూ లేచింది. నడుము దాకా వచ్చి ఆగింది. ఇంకాస్త. ఇంకాస్త. ఎడమచేతి పైకి వచ్చి, అరచెయ్యి చాచుకుని, అక్కడే నిలబడింది. కింద వేలు సున్నా చుడుతూనే ఉంది, పైన ఆ చెయ్యి కదలకుండా, వణుకుతూ, కానీ కదలకుండా.

"మెల్లగా దించమంటున్నాడు" అన్నాడు పక్కన నీలం చొక్కా. ఎప్పుడొచ్చి నిలబడ్డాడో. క్రేన్ మనిషి కదా, అతనికీ చదవడం వచ్చు. "ఆయన సిగ్నల్‌ మనిషా అన్నా?"

"మా మామగారు" అన్నాడు కొంగ. ఏడుపొచ్చింది, ఏడ్చాడు, దాచుకోలేదు.

నీలం చొక్కా కిందికి చూశాడు, కొంగ వంక చూశాడు, ఏదో లెక్క తెగినట్టు చిన్నగా నిట్టూర్చాడు. "ఇంకా టైముంది. వచ్చి కూర్చోండన్నా. దించండి" అన్నాడు. కుర్చీని కిటికీకి దగ్గరగా తనే జరిపాడు.

కూర్చున్నాడు. పాదాలు నేలకి ఆనాయి, వీపు ఆనింది. కళ్ళు మూసుకున్నా ఆ రెండు చేతులే. కింద ఒకే ఒక్క మనిషి ఉంటాడు, వాడి చేతులు ఏం చెప్తే అదే. పెద్ద కట్ట, ఇన్ని నెలల కట్ట, మోగని ఫోనూ చూసి చెప్తాం అన్నవాళ్ళూ ఖాళీయేగా అన్న మాటా, రేపటి పొద్దున ఎవరు నడిపిస్తారన్న భయమూ, అన్నీ కలిపి కట్టిన కట్ట గాలిలో ఊగుతూ ఉంది. తొందరపడకూడదు. తొందరపడితే ఊగుతుంది, ఊగితే ఎక్కడో తగులుతుంది. మెల్లగా. ఇంకా మెల్లగా. నడిపించడానికి ఎవరూ అక్కర్లేదట, ఆయనే చెప్తున్నాడు కదా కింద, గోడ వెంబడి ఇటూ అటూ నడిచి చెప్తున్నాడు కదా. కట్ట దిగుతోంది. మూడో అంతస్తు. రెండో అంతస్తు. బూట్ల లోపల బొటనవేళ్ళు ఎప్పుడాగాయో తెలీదు. నర్సు వచ్చి పేరు పిలవడం, చేతికి పట్టీ చుట్టడం, అది బిగుసుకోవడం, అన్నీ దూరంగా ఎక్కడో జరుగుతున్నట్టున్నాయి. కట్ట నేలని తాకింది. తాడు వదులైంది.

"ఇందాక ఏమైందండీ మీకు?" అంది నర్సు అంకె వంక చూసి, మళ్ళీ చూసి. "ఇప్పుడు నాకంటే బాగుంది. మెట్లెక్కి వచ్చారా ఏంటి?"

కాగితం మీద రాసింది, సంతకం పెట్టింది. నీలం చొక్కా లేచి నిలబడి చెయ్యి కలిపాడు. అతని చెయ్యి చల్లగా ఉంది. అయ్యో అంటే ఎగతాళి, సారీ అంటే అబద్ధం. "పొద్దున్నే పార్కుకి రా తమ్ముడూ, చెరువు వైపు పార్కు" అన్నాడు కొంగ. "వెనక్కి నడిచే పెద్దాయన ఒకరుంటారు. ఎదురుపడతారు, తప్పించుకోలేవు. క్రేన్ అని చెప్పు. ఇంట్లో ఫోను ముందు మాత్రం కూర్చోకు." అతను సరేనన్నట్టు తల ఊపి లిఫ్టులోకి వెళ్ళి, తలుపు పట్టుకుని నిలబడ్డాడు, మీరూ రండి అని. ఒట్టు తీరింది, ఇక ఎక్కొచ్చు. కొంగ నవ్వి, వద్దని చెయ్యి ఊపి, మెట్లు దిగాడు.

మామయ్య గేటు దగ్గరే ఉన్నాడు. చొక్కా వీపంతా చెమటతో అతుక్కుపోయింది. కుడిచెయ్యి మళ్ళీ పక్కన వేలాడుతోంది, కానీ వేళ్ళు మూసుకుని తెరుచుకుంటూ, ఇంకేదో పని ఉందా అన్నట్టున్నాయి. కొంగ ఎదురుగా నిలబడి రెండు చేతులూ చాచి చూపించాడు, ఒకటి కింద, ఒకటి పైన, దిగింది మామయ్యా, మీరు దించమన్నట్టే దించాను. ఆ మొహంలో నవ్వు మొదలై, ఎప్పట్లా ఎడమ పక్కన ఆగకుండా, కుడివైపు కూడా కాస్త కదిలింది. రేపట్నుంచి పొద్దున్నే నేనుండను, అని చెప్పాలి. నోరు తెరిచాడు కొంగ.

"పద" అన్నాడు మామయ్య. భుజం కోసం చూడలేదు, వెనక్కి తిరిగి చూడలేదు. కాలు ఈడ్చుకుంటూ ముందు తనే నడిచాడు, అల్లుడు వెనకాల నడిచాడు.